పెద్దమునియప్ప వెనక్కి తిరిగిన చోటు

ఉక్కు ఛాతీ హీరోగా పేరుపడ్డ ఆ పెద్దమనిషి సినిమాలన్నిట్లోకీ ‘సున్నపుబట్టీ’ ఒక్కటే సినిమా అని ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నాను. కాటన్‌పేటలో నా వత్తుల కొట్టు ముందు టీ తాగేవాళ్లకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. మిగతా సినిమాల్లో ఆయన ఒక్క గుద్దుకు పదిమందిని గాల్లోకి లేపుతాడు. ఇందులో భయపడతాడు. గుట్ట మీంచి దొర్లి పడి, కుంటుకుంటూ పారిపోతాడు. అభిమానులకు అది గిట్టలేదు.

సినిమా పోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అలా కుంటుతూ హీరో ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడు. అక్కడ కనబడేది హీరో ముఖం కాదు, డూపు ముఖం. కత్తిరించాల్సినవాళ్లు చూసుకోలేదు. హాలంతా గోల, ఎగతాళి. ఆ డూపు మా వీధివాడే, పెద్దమునియప్ప.

ఆయన భార్య అక్కయమ్మ నా కొట్టు పక్కనే పూలమ్ముతుంది. సినిమా ఆడిన నాలుగు రోజులూ ఆ గోల మధ్యే కూర్చుని చూసొచ్చిన మనిషి. హీరో కుంటినడకను నేనెంత పొగిడినా మూరలు కొలుస్తూ ఊరుకునేది. చాలా ఏళ్లకు నోరు విప్పింది. ఆనేకల్ దగ్గర రాళ్ల క్వారీలో పడినప్పుడు మొగుడి మడమ నిజంగానే చెడిందట. కెమెరా ఆపలేదట. ఇంటికొచ్చాక చింతపండు పట్టు వేసి కట్టింది తనే. అప్పట్నుంచి ఆ నడక గుర్తొస్తే నాకే నొప్పి పుడుతుంది.

సినిమా వచ్చిన కొన్నాళ్లకే పెద్దమునియప్ప జ్వరంతో పోయాడు. ఆ సినిమాలో తప్ప ముఖం ఎక్కడా మిగల్లేదు, ఆ సినిమా మళ్లీ ఎక్కడా ఆడలేదు, దొరకలేదు. ఫైట్లకు పోయేవాళ్లలో అప్పట్లో ఒక పట్టింపు ఉండేది, తీయించుకున్న ఫొటోయే రేపు దండేసే ఫొటో అవుతుందని. పెళ్లిలో కూడా కెమెరాకు తువాలు అడ్డం పెట్టుకున్నాడట. యూనియన్ కార్డు మీదున్న ఒక్క బొమ్మా వానకు నానిపోయింది. మహాలయ అమావాస్యకు పోయిన పెద్దలకు ఎడె, అంటే ఆకులో భోజనం, పెట్టేటప్పుడు అందరి ఇళ్లలో ఫొటోలుంటాయి. అక్కయమ్మ ఇంట్లో గోడకు ఉత్త మేకు, దాని కింద కొత్త పంచె, ఆకులో అన్నం.

“మొకం మర్చిపోతా ఉండాను దామోదరప్పా,” అంది నాతో ఒకసారి. “కల్లోకి వస్తాడు. చూస్తే మొకం హీరోది ఉంటాది.”

ఈ ఏడు పాత ప్రింటు ఒకటి బయటపడి, యూట్యూబ్ పిల్లలకు ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది. అన్యాయంగా తొక్కేసిన గొప్ప సినిమా అన్నారు. అన్నీ నా మాటలే, నాకు మాత్రం ఎవడూ టీ ఇప్పించలేదు. మెజెస్టిక్ దగ్గర హాల్లో సినిమాను మళ్లీ వేశారు. పాత లోపాలన్నీ సరిదిద్దామని పోస్టరు మీద రాశారు. గీతలూ మరకలూ తుడిచారు కాబోలు అనుకున్నాం.

అమావాస్య దగ్గర్లోనే ఉంది. ఫొటో ఫ్రేము కొనిపెట్టుకుని అక్కయమ్మ, ఆమె కూతురు సుమ, నేను మధ్యాహ్నం ఆటకు వెళ్లాం. నాయన ముఖం రాగానే పట్టుకోవాలని సుమ సెల్ఫోను ఎత్తి సిద్ధంగా కూర్చుంది. గుట్ట వచ్చింది. ఆయన దొర్లాడు, లేచాడు, కుంటాడు. ఆయన వెనక్కి తిరిగాడు.

హీరో ముఖం. చెమటతో సహా కంప్యూటర్లో శుభ్రంగా అతికించారు. హాలంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆనాడు ఎగతాళి చేసినవాళ్లే నయం, వాళ్లు కనీసం ఆయన్ను చూశారు.

“కల్లోకి వచ్చేది ఈయనే,” అంది అక్కయమ్మ మెల్లగా.

ఆ ముఖం చూడగానే సుమ ఫోను దించేసింది, అందులో పడింది అంతకుముందటి నడక మాత్రమే. ఏడుస్తూ దాన్ని చెరిపేయబోతే తల్లి ఆపింది.

“ఉండనీ. వీపు మీ నాయనదే.”

అమావాస్యనాడు నన్నూ పిలిచారు. ఆ మేకుకు ఫ్రేము, దానికి కనకాంబరాల దండ, లోపల మనకు వీపు చూపించి నడిచిపోతున్న మనిషి. కింద ఆకులో రాగిముద్ద, కోడిపులుసు, పక్కన బీడీకట్ట. అటు తిరిగినవాడికి అన్నం పెట్టడం బాగాలేదని సుమ గొణిగింది.

“ఆకలైతే ఆయనే ఇట్లా తిరుగుతాడులే,” అంది అక్కయమ్మ.

పెద్దలు వచ్చి తినేదాకా ఎవరూ చూడకూడదు. అందుకని తలుపు దగ్గరికి వేసి ముగ్గురం గడప బయట కూర్చున్నాం. కాసేపయ్యాక ఇక తీయొచ్చన్నాను. అక్కయమ్మ లేచి గడియ మీద చెయ్యి వేసి, అలాగే ఆగిపోయింది.

“తిరిగింటే,” అంది, “ఏ మొకంతో తిరిగింటాడప్పా?”

సుమ కదల్లేదు. నేనూ లేవలేదు.