డాక్టరుకు చెప్పని ఉద్యోగం

మా పైలట్లకు ఉరుముల కంటే డాక్టరంటేనే ఎక్కువ భయం. ఉరుములు గంటలో దాటిపోతాయి, డాక్టరు రాసే ఒక్క ముక్కతో విమానం దిగిపోవాల్సి వస్తుంది. అందుకే జలుబు చేసినా కంపెనీ డాక్టరు గడప తొక్కం. ఎవరికీ తెలియని చోట చూపించుకుంటాం. నేనూ అదే తెలివి చూపించాను. పెద్ద తెలివి!

కెప్టెన్ పరీక్షకు రెండు వారాలుందనగా ఎడమ చెవి దిబ్బడ వేసింది. రెండు రోజులు సెలవు పెట్టి సిద్దిపేటలో మా ఇంటికొచ్చి, బస్టాండు దగ్గరి చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"ఏం పని చేస్తవ్?" అని అడిగాడాయన.

"కారు నడుపుత సార్."

విమానమంటే చీటీ మీద రాస్తాడు, అది ఎక్కడ తేలుతుందోనని నా భయం. ఆయన లైటు పెట్టి చూశాడు.

"జలుబుకు చెవి మూసుకున్నది. గోలీలు రాస్త. కారే గదా, నడుపుకో, ఏం గాదు."

కారుకైతే ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

మర్నాడే డ్యూటీ ఎక్కాను. హైదరాబాదులో దిగుతుండగా, పెరిగే గాలి ఒత్తిడికి మూసుకున్న చెవిలో మేకు కొట్టినట్టు నొప్పి, ఆ వెంటనే ఏదో తెగిన చప్పుడు. తల తిరిగి, ఎదురుగా మీటర్లన్నీ గిర్రున తిరుగుతున్నట్టు కనిపించాయి. పక్కనున్న కెప్టెన్ "చేతులు తియ్" అని అరిచి, తానే దించాడు. వెనకున్న వాళ్లకేమీ కాలేదు. అయి ఉంటే? అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆపరేషన్‌తో తల తిరగడం తగ్గింది కానీ ఆ చెవికి వినికిడి రాలేదు. నెలల తరబడి మంచం దిగలేదు. లేచి ఏం చేయాలి? నాకు వచ్చిన పని ఒక్కటే.

కన్నతల్లి కదా, అవ్వ ఊరుకోలేదు, ఆ సిద్దిపేట డాక్టరు దగ్గరికే లాక్కెళ్లింది. ఈసారి నిజం చెప్పాను. ఆయన రిపోర్టులు పక్కన పెట్టి నన్నే చూశాడు.

"గా రోజు విమానమని ఒక్క మాట చెప్తే, చెవి తెరుచుకునేదాక ఎక్కకు అనేటోన్ని కదా బిడ్డా. పది రోజులు. గంతే."

పది రోజులు. అంతకంటే ఎక్కువ సెలవులే ఉండేవి నాకు.

"మల్ల నడుపుతడా సారూ?" అని అవ్వ అడిగింది.

ఆయన లేచి నా ఎడమ పక్కకు వచ్చి, ఆమె వైపు వంగి మెల్లగా ఏదో చెప్పాడు. ఫ్యాను చప్పుడులో నాకు ఒక్క ముక్కా వినపడలేదు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.