గట్టు పక్కన తవ్విన గుంత

నిన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోను చూస్తుంటే మా చుట్టాల గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. కరెంటు షాకు తగిలిన మనిషిని మెడదాకా మట్టిలో పాతిపెడితే భూమి ఆ కరెంటును లాగేస్తుందట. కింద దండాలు పెట్టే బొమ్మలు, పెద్దల జ్ఞానం గొప్పదంటూ మెచ్చుకోళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. చాయ్ అక్కడే చల్లారింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, డెబ్బైలలో మా రఘునాథపల్లి వైపు ఊళ్లల్లో బావుల మీదికి కరెంటు మోటర్లు వచ్చిన కొత్తలో ఎడ్లతో మోట కొట్టి నీళ్లు తోడే బాధ తప్పిందని సంబరపడ్డామే తప్ప, ఆ ఇనుప స్టార్టరు డబ్బాకు ఎర్తు వైరు ఉండాలని మాకు చెప్పినవాడు లేడు, బిగించిపోయినవాడికి ఆ పట్టింపే లేదు. డబ్బా అప్పుడప్పుడు చేతిని జిల్లుమనిపిస్తే నవ్వుకునేవాళ్లం కూడా. ఒక వానకాలం పొద్దున మా అన్న నారుమడిలోంచి తడి చేతులతో వచ్చి దాన్ని పట్టుకున్నాడు. బాపు ఎండు కట్టెతో కొట్టి కొడుకును విడిపించాడు. అంతవరకు చేసింది సరైనదే. అన్న కింద పడ్డాడు, అరచెయ్యి కాలి నల్లబడింది, ఊపిరి ఉండీ లేనట్టు ఉంది.

అప్పుడు దవాఖానకు పరుగెత్తాలి కదా. జనగామ బస్సు వచ్చే వేళ అది. కానీ పక్క చేన్ల పెద్దమనుషులు చేరి, "మట్టిల పెట్టుండ్రి, భూమి గుంజుకుంటది" అన్నారు, బాపు తల ఊపాడు, అందరూ కలిసి గట్టు పక్కన గుంత తవ్వి, ఊపిరి కోసం కొట్టుకుంటున్న ఆ ఛాతీ మీద తడిమట్టి నింపి తొక్కారు. కన్నతల్లి కదా, అవ్వ ఒక్కతే "బిడ్డకు ఊపిరాడుతలేదు, జర తియ్యుండ్రి, బస్సుల తీస్కపోదం" అని కాళ్లావేళ్లా పడింది. ఆడమనిషికి ఏం తెలుసని పక్కకు తోశారు. మా కళ్ల ముందే బస్సు వెళ్లిపోయింది. చివరికి అవ్వే గుంతలో దిగి, ఒట్టి చేతులతో మట్టి తోడి అన్నను బయటికి లాగింది. ఎడ్లబండిలో జనగామ చేరేసరికి అన్న లేడు.

అంతకంటే మంటెత్తించింది తర్వాత జరిగింది. దినాల నాడు అదే పెద్దమనుషులు మా ఇంట్లో కూర్చుని, "తొందరపడి తీసింది గని, ఇంకింతసేపు ఉంచితే బతుకుతుండె" అన్నారు. పాతిపెట్టిన వాళ్లకు అంటని పాపం తవ్వి తీసిన తల్లికి అంటగట్టారు. బాపు ఆ మాట కాదనలేదు. ఆయన పోయి ఎన్నేళ్లయినా ఆయన మీద నా కోపం పోలేదు.

నిన్న ఆ గ్రూపులో నేనూ రాశాను: ముందు మెయిను బంద్ చెయ్యండి, ఎండు కట్టెతో మనిషిని తప్పించండి, ఊపిరి ఆగితే ఛాతీ మీద గట్టిగా ఒత్తుతూనే ఉండండి, అంబులెన్సుకు ఫోను చెయ్యండి, మట్టి మాట ఎత్తకండి అని. పెద్దల నమ్మకాన్ని తీసిపారెయ్యొద్దని ఎవరో నాకే బుద్ధి చెప్పారు.

ఆ బావి పూడిపోయింది, చేన్లలో బోర్లు వచ్చాయి, ఇళ్లల్లో షాకు కొట్టగానే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్చులు వచ్చాయి. ఆ పాడు మాట మాత్రం చావలేదు, ఫోనులోకి ఎక్కి కూర్చుంది. చివరి రోజుల్లో మహబూబాబాద్‌లో మా ఇంట్లో మంచం మీద ఉన్నప్పుడు అవ్వ నన్ను మళ్లీ మళ్లీ అడిగేది, "నేను తియ్యకుంటే వాడు బతుకుతుండెనా బిడ్డా?" అని. లేదవ్వా, నువ్వు తీసిందే సరైనదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మకుండానే పోయింది.