ఎడమ చెవి, హెవీ లైసెన్సు

సైన్యంలో క్లర్కుగా చేరి సుబేదారుగా రిటైరయ్యాక, రాజమండ్రిలో మాజీ సైనికుల సంఘం గదిలో వారానికి మూడు రోజులు కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ల ఫారాలు నింపిపెడతాను. ఎక్కువమంది పెన్షన్ పని మీద వస్తారు. డ్రైవింగ్ నేర్చుకుంటే ఫీజు తిరిగి ఇచ్చే పథకం ఒకటుందని తెలిసి వచ్చేవాళ్లు తక్కువ.

అలా వచ్చినవాడిది మండపేట దగ్గర పల్లెటూరు. పదిహేడేళ్లు ఫిరంగి దళంలో చేసి, నలభై నిండకుండానే బయటికొచ్చాడు. ఆర్నెల్లు ఏటీఎం దగ్గర సెక్యూరిటీ గార్డుగా ఉన్నాడట. ఊరికే కూర్చుని తలుపు చూడటం తన వల్ల కాలేదన్నాడు. కారు లైసెన్సు ఉంది. రైస్ మిల్లు లారీ తోలాలంటే హెవీ లైసెన్సు కావాలి.

డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ కాగితం, ఆధార్ వరసగా పెట్టి తెచ్చాడు. మెడికల్ ఫారం దగ్గరికి వచ్చి, వినికిడి లోపం ఏమైనా ఉందా అని చదివాను. అతను కాగితాలు సర్దుకుంటూనే ఉన్నాడు. మళ్లీ చదివితే నా పెదవులకేసి చూశాడు. వచ్చినప్పటి నుంచీ కుడిచెవి నావైపు తిప్పి కూర్చున్నాడని అప్పుడు గమనించాను.

ఎడమ చెవి పోయిందా అని గట్టిగా అడిగాను.

"ఫిరంగి పక్కన నిలబడ్డాక చెవి మిగులుద్దాండి? అది రాయకండి సాబ్. ఇన్నాళ్లూ ఒక్క చెవితోనే కారు తోలాను," అన్నాడు.

సంతకం అతనిది. లేదని టిక్కు పెడితే నన్ను అడిగేవాళ్లు లేరు. సర్వీసులో ఇలాంటివి చూసీచూడనట్టు వదిలేసినవాణ్ణే. కానీ కాలవగట్టు రోడ్ల మీద లారీకి ఎడమ పక్కనే సైకిళ్లు వెళ్తుంటాయి. ఉందని రాసి, ఫారం అతనివైపు తిప్పాను.

"మీరూ ఫౌజీయే కదండీ," అన్నాడు. కాగితాలు కవర్లో సర్దుకుని, సంతకం పెట్టకుండానే వెళ్లిపోయాడు. నాకు బాధ కలగలేదు. చిరాకేసింది, అతని మీదా, నా మీదా.

పది రోజులకి అతని భార్య అదే కవరు పట్టుకుని వచ్చింది. భర్త బయట వరండాలో నిలబడ్డాడు.

"ఇంట్లో టీవీ సౌండుకి మేం అరుగు మీద కూర్చుంటామండి," అందామె. "ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు. మీరు రాశాక రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత డాక్టరు దగ్గరికెళ్దామని ఆయనే అన్నారు."

ఎక్కడికి వెళ్లాలో, ఏం పట్టుకెళ్లాలో రాసిచ్చాను. చెవి మిషను రావడానికి కొన్ని వారాలు పట్టింది. అది పెట్టించి, డాక్టరు అతని వెనక నిలబడి మెల్లగా ప్రశ్నలడిగాడట. అన్నిటికీ జవాబు చెప్పాక ఫిట్ అని సంతకం చేశాడు.

శిక్షణ రావులపాలెం వైపు హైవే పక్కన ఒక ఖాళీ స్థలంలో జరిగింది. ఒకసారి వెళ్లి చూశాను. రివర్స్ చేస్తూ రెండుసార్లు హద్దుకు పెట్టిన డ్రమ్ము పడగొట్టాడు. తనకన్నా చిన్నవాడైన మాస్టారు కేకలేస్తుంటే, కిందికి దిగి అటెన్షన్‌లో నిలబడి విన్నాడు. నన్ను చూశాడు, పలకరించలేదు.

టెస్టు రెండోసారికి పాసయ్యాడు. ఫీజు దరఖాస్తు ఒక స్టాంపు లేదని తిరిగొచ్చింది, మళ్లీ పంపితే మంజూరైంది. ఇప్పుడు మిల్లు లారీ తోలుతున్నాడు.

ఆ తర్వాత గదికి రాలేదు. మొన్న అతని దళంలోనే పనిచేసిన ఇద్దరు డ్రైవింగ్ ఫారాల కోసం వచ్చారు. అతనే పంపాడన్నారు. నాకేమైనా చెప్పమన్నాడా అని అడిగాను.

"లేదండి. అడ్రసు చెప్పాడంతే," అన్నారు.

కూర్చోమని, ఫారాలు తీశాను.