కాలర్ల లెక్క

మూడో తరగతి పిల్లలు ఆవిడను చాటుగా చిల్లర టీచర్ అనేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, తెలిసీ ముసిముసిగా నవ్వుకునేది. ఎవరో ఒకాయన అరవై పుచ్చకాయలు కొన్నాడట, ఎందుకు కొన్నాడో రాసినవాళ్లకే తెలియాలి అంటూ లెక్కల పుస్తకం పక్కన పడేసి, డబ్బాడు నాణేలు బల్ల మీద బోర్లించేది. ఒకరు కొట్టు పెట్టాలి, మిగతావాళ్లు కొనాలి. ఆ ఏడు ఇంకో అడుగు ముందుకేసి, ఇంట్లో ఉన్న రసీదులు తెమ్మంది.

మూడో బెంచీలో నోట్లో నాలుక లేని పిల్ల ఒకతె ఉండేది. అది వాళ్లమ్మ కూలి చీటీ తెచ్చింది. తల్లి బట్టల కార్ఖానాలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. ఆ వారం నాలుగువందల పన్నెండు కాలర్లు, ఒక్కోటి మూడు రూపాయల చొప్పున. పిల్ల బోర్డు మీద గుణించి, చీటీ వంక చూసి, మళ్లీ గుణించింది.

"వంద తక్కువ ఇచ్చారు టీచర్."

టీచర్ సరిచూసింది. నిజమే. అందరిచేతా చప్పట్లు కొట్టించి, ఇంటికెళ్లి అమ్మకు చూపించమంది. అప్పుడు ఆవిడ ధ్యాసంతా గుణకారం మీదే ఉంది.

తల్లి పాత చీటీలన్నీ బయటికి తీసింది. పదకొండు వారాల్లో తొమ్మిదింటికి కోత పడినట్టు తేలింది. పిల్ల లెక్కలు వేసిన నోటుబుక్కు పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళితే, అతను మారుమాట్లాడకుండా మొత్తం చేతిలో పెట్టి, రేపట్నుంచి రావద్దన్నాడు. ఆ వీధిలోని మిగతా కార్ఖానాల్లోనూ గేటు దగ్గరే పని లేదన్నారు.

సంగతి తెలిసి టీచర్ కార్ఖానాకు వెళ్లింది. మేనేజరు కుర్చీ వేయించి, టీ తెప్పించి, కూలి చీటీలతో పిల్లలకు పనేమిటని మర్యాదగానే అడిగాడు. ఆవిడ బడికి తిరిగొచ్చేసరికే హెడ్మాస్టరుకు ఫోన్ వచ్చేసింది. ఆయన కోప్పడలేదు. బడికి పైకప్పు వేయించింది ఆ కార్ఖానావాళ్లేనని చెప్పి, ఇకమీదట పుస్తకంలో ఉన్నవే చేయించమన్నాడు. ఆవిడ సరేనంది. అలా అన్నందుకు చాలా రోజులు తన మీద తనకే రోత పుట్టింది.

పిల్ల బడి మానేసింది. తల్లి నాలుగిళ్లలో గిన్నెలు తోముతూ దాన్నీ వెంటబెట్టుకెళ్తోందట. ఒక ఆదివారం టీచర్ వాళ్ల గది వెతుక్కుంటూ వెళ్లి, తప్పంతా తనదేనని, వారం వారం వచ్చి చదువు చెబుతానని అంది.

తల్లి సబ్బునీళ్లకు పగిలిన వేళ్లను కాసేపు చూసుకుంది.

"మీ తప్పేముందమ్మా. రండి, చదవడం రాయడం చెప్పండి. లెక్కలు మాత్రం వద్దు."

టీచర్ ఒప్పుకుంది. నాలుగు నెలలు ప్రతి ఆదివారం వెళ్లి కథలు చదివించింది. పిల్ల గడగడా చదివేది. ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు పేజీల అంకెలు వేళ్ల మీద కూడుకునేది. టీచర్ చూసీ చూడనట్టు ఊరుకునేది. ఒక్కసారి మాత్రం ఉండబట్టలేక, "ఒకటి వదిలేశావు తల్లీ" అంది మెల్లగా. పిల్ల ఉలిక్కిపడి రెండు చేతులూ వీపు వెనక దాచేసుకుంది.

పై ఆదివారం వెళ్లేసరికి గదికి తాళం వేసి ఉంది. ఖాళీ చేసి వెళ్లారని, ఎక్కడికో తనకు చెప్పలేదని పక్కగది ఆవిడ అంది.