గోడకెక్కని ఫోటోలు

మొన్న మా అప్ప కూతురు కొత్త ఫోను కొనుక్కుని మా ఇంటికొచ్చింది. పాత ఫోనూ కొత్త ఫోనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, "పిన్నీ, నువ్వు టీ పెట్టు. ఈలోగా ఫోటోలన్నీ ఇందులోకి వచ్చేస్తాయి" అంది. టీ మరిగి గ్లాసుల్లోకి వచ్చేసరికి నిజంగానే వచ్చేశాయి. ఆ పిల్లకి అదేమీ వింత కాదు, టీ ఊదుకుంటూ ఇంకేదో మాట్లాడుతోంది. నాకు మాత్రం, వాళ్ళ నాన్న తీసిన ఫోటోలని కంప్యూటర్లోంచి మళ్ళీ ఆయన కెమెరాలోకి ఎక్కించడానికి నేనూ వాళ్ళమ్మా ఒక పూటంతా పడ్డ పాట్లు గుర్తొచ్చి, చేతిలో గ్లాసు చల్లారిపోయింది.

రెండు వేల పదమూడు, పధ్నాలుగు ప్రాంతం. అరసవల్లి గుడికెళ్ళే దారిలో మాకు జిరాక్సు షాపు ఉండేది. మా ఆయన జిరాక్సు మిషను చూసుకునేవాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని శుభలేఖలు, అద్దెకివ్వబడును బోర్డులు టైపు చేసేదాన్ని. ఆదివారం దర్శనానికొచ్చే జనం, ఆటోల హారన్లు, కొబ్బరికాయల వాళ్ళ కేకలు, వీటి మధ్యలో పెళ్ళికొడుకు తాతగారి పేరు తప్పు కొట్టకుండా ఉండటమే పెద్ద విద్య. మేం అసలు సముద్రం ఒడ్డు వాళ్ళం. నాన్నా తాతా వేటకి వెళ్ళినవాళ్ళే. నేను నాలుగక్షరాలు నేర్చుకుని పట్నం చేరాను. మా అప్ప, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం, పక్క ఊరి వేటగాణ్ణి చేసుకుని ఆ ఇసకలోనే ఉండిపోయింది. బావ అందరిలాగే గుజరాత్ వెళ్ళేవాడు. మా దగ్గర చేప తగ్గిపోయిందని ఊళ్ళో వయసులో ఉన్న మగాళ్ళంతా అక్కడి పెద్ద బోట్ల మీద పనికి పోయేవారు. వానల చివర రైలెక్కితే, ఎండాకాలంలో వేట ఆపినప్పుడే మళ్ళీ ఇంటి మొహం చూడటం.

అలా వచ్చిన ఒక వేసవిలో బావ సంచిలోంచి కెమెరా తీశాడు. వెండిరంగుది, సబ్బుపెట్టె అంత ఉంటుంది. అక్కడెవరో అమ్ముతుంటే కొన్నాడట. దాన్ని ఆయన పట్టుకునే తీరు చూడాలి. మునక వేసేవాడిలా బుగ్గల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి అప్పుడు నొక్కేవాడు. నొక్కాక "హమ్మా" అని గాలి వదిలేవాడు. ఎదురుగా నించున్నవాళ్ళకి నవ్వాగేది కాదు కాబట్టి ఆయన తీసిన ఫోటోల్లో మనుషులందరూ పళ్ళికిలించే ఉంటారు. ఇక సముద్రం మీద తీసినవి సరేసరి. బోటు మీద పొయ్యి, రంగురంగుల జెండాలు, ఎండుతున్న చేప, లారీ, ఇంకో లారీ, రేవులో వీళ్ళ బోటు దగ్గరే తిరిగే గోధుమరంగు కుక్క. సాయంత్రమయ్యేసరికి అరుగు మీద కూర్చుని ఆ చిన్న గాజుబిళ్ళలో ఒక్కొక్కటీ నొక్కి చూపించేవాడు. అప్పా, కూతురూ, వాళ్ళత్తా తలకాయలు ఢీకొట్టుకుంటూ చూసేవారు. "ఈ కుక్కకి తెలుగొచ్చేటిరా?" అని బావ వాళ్ళమ్మ అడిగితే, "నాకు గుజరాతీ ఎంతొచ్చో దానికి తెలుగంతొచ్చు" అనేవాడు.

మళ్ళీ ప్రయాణం కట్టే ముందు మా షాపుకొచ్చాడు. "మరదలా, ఇది నిండిపోనాది. ఇయన్నీ నీ డబ్బాలో పోసీసి, నాకు కాళీ సేసి ఇచ్చీ" అన్నాడు. నేను కెమెరాలోని మెమరీ కార్డు తీసి ఫోటోలన్నీ కంప్యూటర్లో పెట్టి, వెతుక్కోడానికి వీలుగా ఒక్కోదానికీ కుక్క, లారీ, వంట అంటూ పేర్లు పెట్టి, కార్డు శుభ్రం చేసిచ్చాను. అన్నింట్లో బావ ఉన్న ఫోటో ఒక్కటే. కూతురు తీసింది. ఒడ్డున పడవకి జేరబడి నించున్నాడు, ఊరంతా పక్కకి ఒరిగిపోయింది. దాన్ని తిన్నగా తిప్పి, అంచులు కోసి సరిచేశాను. "అమ్మో, సినిమా ఈరోలాగున్నాను" అని ఆయనే మురిసిపోయాడు.

వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు. తెల్లారగట్ల వల లాగుతుండగా బోటు ఒరిగి నీళ్ళలో పడిపోయాడని ఫోనొచ్చింది. తోటివాళ్ళు వెతికారు, చుట్టుపక్కల బోట్లూ వెతికాయి. దొరకలేదు. కొన్నాళ్ళకి ఊరివాడొకడు ఆయన సంచి తెచ్చిచ్చాడు. అందులో లుంగీ మడతల మధ్య కెమెరా పొడిపొడిగా ఉంది.

అప్ప ఏడవలేదు. గాజులు తియ్యనివ్వలేదు, బొట్టు చెరపనివ్వలేదు. పెద్దలు కూర్చుని కర్మ మాట ఎత్తితే, "ఎవులు సూసినారు?" అని లేచి లోపలికి పోయేది. ఒక మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా షాపుకొచ్చింది. చేతిసంచిలోంచి కెమెరా తీసి నా ముందు పెట్టి, "సెల్లీ, ఇందులో ఏటీ నేదే. ఎంత నొక్కినా నల్లగానే ఉన్నాది" అంది.

నేను అప్పటికే కొన్ని ఫోటోలు కాగితం మీద వేయించి, ఎప్పుడిద్దామా అని దాచి ఉంచాను. అవి తీసి చేతిలో పెట్టాను. రెండు చూసి, వేడి పెనం ముట్టుకున్నట్టు బల్ల మీద పడేసింది.

"కాయితం మీద ఎందుకేసినావే? కాయితం మీదకొచ్చినోడు గోడకెక్కుతాడు. గోడకెక్కినోడికి దండేస్తారు. నాకొద్దు. ఎక్కణ్ణించి తీసినావో అక్కడే పెట్టీ. ఆడు సూపించినట్టే నాను సూసుకుంటాను."

అదెంత పని అనుకున్నాను. కార్డు కంప్యూటర్‌కి తగిలించి, ఫోటోలన్నీ అందులో వేసి, కెమెరాలో పెట్టి నొక్కాను. ఫోటోలు లేవంది కెమెరా. మళ్ళీ చేశాను. మళ్ళీ లేవంది. కంప్యూటర్లో పెట్టి చూస్తే కార్డులో ఉన్నాయి, కెమెరాలో పెడితే లేవు. అప్ప నా మొహమూ కెమెరా మొహమూ మార్చిమార్చి చూస్తోంది. "ఆడి వస్తువే ఆడి బొమ్మల్ని గుర్తుపట్టనేదేటే" అంది చిన్నగా.

చివరికి నాకొక ఆలోచన తట్టింది. ఈ కెమెరాతో కొత్తగా ఒక ఫోటో తీస్తే, అది ఎక్కడ దాచుకుంటుందో, ఏ పేరు పెట్టుకుంటుందో తెలుస్తుంది కదా. అప్పకి చెప్తే కెమెరాని ఒకసారి కొంగుతో తుడిచింది. తర్వాత, "తియ్యి. నన్ను మాత్రం తియ్యకు" అంది. గుమ్మం ముందు ఆగున్న ఆటోని తీశాను. కార్డు మళ్ళీ కంప్యూటర్‌కి పెట్టి చూస్తే గుట్టు తెలిసింది. కెమెరాకి తనదంటూ ఒక అర, అంటే ఫోల్డరు, ఉంది, ఆ అరలో నాలుగు అక్షరాలూ ఒక నంబరూ ఉన్న పేరుతోనే పెట్టాలి. నేను పెట్టిన కుక్కలూ లారీలూ దానికి అక్కర్లేదు. కంప్యూటర్లో ఉన్న ఫోటోలు లెక్కపెట్టి చూస్తే, ఆ ఆటోకి కెమెరా ఇచ్చిన నంబరు సరిగ్గా బావ ఆఖరున తీసినదాని తర్వాతది. చెయ్యి మారిన సంగతి దానికి తెలీదు, ఆయన ఆపినచోటి నుంచే లెక్క అందుకుంది. అది అప్పకి చెప్పాను. ఆమె తెర మీద ఆ అంకెని వేలితో తాకింది.

ఇక ఒక్కొక్క ఫోటోకీ నా పేరు తీసేసి, తీసిన వరసలో పాత నంబరు పెట్టుకుంటూ పోయాను. అప్ప పక్కన స్టూలు మీద కూర్చుంది. కుక్క వచ్చినప్పుడు ఫక్కుమని నవ్వింది. బయట జిరాక్సు కోసం నించున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆ నవ్వు ఎటు తిరుగుతుందోనని నాకు భయమేసింది గానీ, నవ్వుగానే ఆగింది.

అన్నీ వెళ్ళాయి, బావ ఉన్నది తప్ప. నేను తిప్పి, కోసి సరిచేసినందువల్ల కెమెరా దాన్ని చూపించనంది. మొదటిది నా దగ్గర లేదు. చేసేది లేక దాన్ని కంప్యూటర్ నిండా పెద్దది చేసి, ఆ కెమెరాతోనే తెరని ఫోటో తీశాను. అప్పట్లో మాది పెట్టెలాంటి పాత కంప్యూటర్, గాజు తెర. ఫోటోలో బావ వచ్చాడు, ఆయన మీద సన్నటి గీతలొచ్చాయి, ఆయన భుజం పక్కన గాజులో నీడలా అప్ప మొహం కూడా వచ్చింది. ఇంకోసారి తీస్తానన్నాను. "వొద్దు, ఇలాగే ఉండనీ" అని కెమెరా లాక్కుని కొంగులో చుట్టుకుంది.

ఆ తర్వాత అరుగు మీద సాయంత్రాలు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు నొక్కేది అప్ప. వాళ్ళత్తకి చూపు మందగించినా పక్కన కూర్చుని, "ఇప్పుడు కుక్కొస్తాది" అని ముందే చెప్పేది. కూతురు కాసేపు చూసి ఆటకి పోయేది. ఊళ్ళోవాళ్ళు వెనకాల ఏమేమో అన్నారు. నేనూ ఒకటి రెండుసార్లు నచ్చచెప్పబోయి, కెమెరా పట్టుకున్న ఆ చేతులు చూసి నోరు మూసుకున్నాను.

కొన్నేళ్ళు అలా గడిచాయి. ఒక వేసవిలో, గుజరాత్ వెళ్ళినవాళ్ళు ఊరికి చేరుకున్న వారంలో, అప్ప షాపుకొచ్చింది. మంచినీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని నిదానంగా చెప్పింది.

"అందరూ వచ్చినారే. ఆడి జతగాళ్ళు ముసిలోళ్ళయిపోతన్నారు. ఒకడికి జుట్టు నెరిసిపోనాది, ఒకడికి పన్నూడిపోనాది. నానూ అద్దంలో సూసుకున్నాను. ఆడొక్కడే అందులో అలాగే ఉన్నాడు. ఒక్క తెల్లెంట్రిక నేదు. బతికున్నోడికి అలాగుండదు కదే సెల్లీ."

నేను ఖాళీ గ్లాసు అందుకుని బల్ల మీద పెట్టాను.

"కాయితం మీద ఏసీ" అంది.

కెమెరాలో ఉన్నదాన్ని వెయ్యమంటుందేమో, గీతలు పడతాయే అనుకుంటూ చెయ్యి చాపాను. తలడ్డంగా ఊపింది. "అది కాదు. నీ డబ్బాలో ఉన్నాది కదా, నాను లేనిది. అదెయ్యి. ఆణ్ణొక్కణ్ణే ఎయ్యి."

ఫోటో మిషన్లోంచి మెల్లగా బయటికొస్తుంటే, అంచు పట్టుకుని అప్పుడేడ్చింది. మా ఆయన లేచెళ్ళి షట్టరు సగానికి దించి, బయట నించున్నాడు. ఆ వారమే వంశధార ఒడ్డున, శ్రీముఖలింగంలో బావకి చెయ్యాల్సినవి చేశాం. నీళ్ళలో దిగిన అప్పని మా అమ్మ పట్టుకోబోతే, "నాను నించోగలన్లే" అని విడిపించుకుంది. ఇంటికొచ్చాక మేకు కూడా తానే కొట్టింది.

అన్నాళ్ళూ ఆమెకి ఇంకా అర్థం కాలేదని మేమంతా జాలిపడ్డాం. ఇప్పుడనిపిస్తుంది, ఆమెకి అర్థమయ్యే ఉంటుంది, ఒప్పుకోవడానికి కావలసినంత పొద్దు తీసుకుంది, అంతే. ఎవరి పొద్దు ఎప్పుడు వాలుతుందో పక్కనున్నవాళ్ళం చెప్పలేం, వాలేదాకా పక్కన ఉండగలం.