అయ్య ఉతికి చూసిన ఆకుల ఓణీ

మేం చాకలివాళ్లం. ఈ మాట నేనెక్కడైనా తలెత్తే చెబుతాను. ఎందుకమ్మా అవన్నీ ఇప్పుడు, అని సలహా ఇచ్చేవాళ్ల దగ్గర ఇంకాస్త గట్టిగా చెబుతాను. సాలూరు పక్క పల్లె నుంచి మా అయ్య అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని అరకు వచ్చింది రైలు పనివాళ్ల బట్టలు ఉతకడానికి. అప్పటికి లైను పడి కొన్నేళ్లే అయింది. క్వార్టర్సు కట్టారు, గెస్టుహౌసు లేచింది, వాటితో పాటే మాసిన బట్టల మూటలూ లేచాయి. కొండవాగుని అక్కడ గెడ్డ అంటారు. ఆ గెడ్డ ఒడ్డున మా రేవు, రేవు పక్కనే మా పాక.

ఉతికిన బట్టలు ఇళ్లకి చేర్చేలోపు ఒక పూట కట్టుకోవడం మా వాళ్లకి అలవాటు. ఒప్పుకునేవాళ్లు లేరు, తెలియనివాళ్లూ లేరు. నాకు పద్నాలుగేళ్లు వచ్చేదాకా పెళ్లికైనా సంతకైనా నా ఒంటిమీద ఉన్నది ఎవరో ఒకరిదే. నాకప్పుడు అందులో తప్పేమీ కనిపించేది కాదు. ఉతికింది మేమే, గంజి పెట్టింది మేమే, ఒక పూట మా ఒంటిమీద ఆరితే ఏం పోయింది?

పోయింది. ఒక శుక్రవారం సంతలో, అల్లం బుట్టల మధ్య నిలబడి ఉండగా ఎవరో నా కొంగు పట్టుకు లాగారు. రైల్వే గుమస్తాగారి అమ్మాయి. నా ఈడుదే. పక్కనున్న వాళ్లమ్మతో "అమ్మా, ఇది నా ఓణీ" అంది. బుట్టల దగ్గర కూర్చున్న కొండ ఆడవాళ్లు కూడా బేరాలు ఆపి చూశారు. వాళ్లమ్మ తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆవిడ నవ్వింది. పోనీలే, ఇంకోసారి ఉతికి పంపమందాం, అంది. ఆ నవ్వుకి నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు అయ్య ఆ ఓణీని మళ్లీ ఉతికి, ఇస్త్రీ చేసి, తీసుకెళ్లి దణ్ణం పెట్టి ఇచ్చొచ్చాడు. దణ్ణం ఎందుకు పెట్టావని ఆయన ఇంటికొచ్చాక ఎగిరాను. ఒకళ్ల గుడ్డల మీద బతికేవాళ్లం, ఏటి సేత్తావు, అని ఆయన పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ రోజే అనుకున్నాను. చూడగానే నాదని తెలిసే గుడ్డ ఒకటి కట్టుకోవాలి. ఎవరూ కొంగు పట్టుకోవడానికి వీల్లేని గుడ్డ. కొట్లో కొంటే లాభం లేదు, ఒకే తానులోంచి పదిమంది చింపించుకుంటారు. చాకలి పిల్ల ఒంటిమీద చూస్తే అది ఆ పదిమందిలో ఒకరిదే అనుకుంటారు.

మరి నాదని ఎలా తెలియాలి? నాకు తెలిసిన చదువల్లా అయ్య చెప్పిన జాగ్రత్తలే. టేకు చెట్ల కింద బట్టలు ఆరెయ్యకు, లేతాకు నలిగితే ఎర్రగా పడతాది. కరక్కాయ తగిలిన తడిబట్ట మేకు దగ్గరకి పోనివ్వకు, నల్లబడతాది. నీలగిరి ఆకులు మూటలో రానివ్వకు. చిన్నప్పటి నుంచీ ఆయన గుడ్డకి పగవాళ్లెవరో నాకు వల్లె వేయించాడు. నేను ఆ పగవాళ్లందరినీ ఒక్కొక్కరినే పిలిచి పీట వేశాను.

ఏదో ఇంట్లో దసరాకి అయ్యకిచ్చిన పాత పంచె చినిగితే అమ్మ బాగున్న సగం నాకు ఓణీకి ఇచ్చింది. దాని మీదకి పోయే ముందు చిరుగుపాతల మీద చాలా తంటాలు పడ్డాను. మొదట ఆకుని గుడ్డ మీద పెట్టి రాయితో కొట్టాను. పచ్చగా ముచ్చటగా పడింది, మొదటి ఉతుకులోనే గెడ్డలో కలిసిపోయింది. కరక్కాయ నీళ్లలో నానబెట్టిన గుడ్డ పసుపుపచ్చగా, జబ్బు చేసినదానిలా తయారైంది. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు దాన్ని చూసి పడీ పడీ నవ్వారు. నవ్వండి, అనుకున్నాను. చివరికి పులిసిన గంజిలో తుప్పు మేకులు వేసి నాలుగు రోజులు మూలన పెట్టాను. ఆ నీళ్లలో ఆకు ముంచి, కరక్కాయ పట్టిన గుడ్డ మీద పరిచి, వెదురు ముక్కకి బిగించి చుట్టి, తాడుతో కట్టాను. అప్పుడు దానికి కావలసింది ఆవిరి. ఆవిరి మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే.

రేవులో బాన మీద చౌడు నీళ్లలో ముంచిన బట్టలు గోపురంలా పేర్చి కింద మంట పెడతారు. దాన్ని ఉబ్బ అంటాం. అయ్య అటు తిరగ్గానే నా ఓణీ చుట్టని ఆ బట్టల మధ్యకి దూర్చేశాను.

పొద్దున్న విప్పి చూశాను. టేకాకు ఈనె ఈనెతో సహా దిగింది, చుట్టూ నల్లగా, లోపల ముదురెరుపు. నీలగిరి ఆకులు ఇటుక రంగులో ఏటవాలుగా పడ్డాయి. నేనలా గెంతుతుండగానే వెనక అయ్య కేక. గెస్టుహౌసు తెల్ల దుప్పటి మీద జానెడు ఎర్రటి చార.

ఆయన నన్ను కొట్టలేదు. రెండు రోజులు నిమ్మరసం రాసి, ఎండలో పరిచి, ఆ చార తీసేశాడు. తీసేశాక నా ఓణీ వైపు చెయ్యి చూపించాడు. "మరకలు తీసి బతికేవోళ్లం. మరకలేసే గుంట పుట్టిందేటే నాకు? తే, దీన్నీ తెల్లగా తీసేత్తాను. తీసినాక మళ్లీ ఆకు ముట్టనని ఒట్టెయ్యి."

ఓణీ తెల్లబడితే నేను మళ్లీ ఎవరిదో ఓణీలోకే పోవాలి. నోరు ఊరుకోదు కదా. "తియ్యలేకపోతే?" అన్నాను.

నవ్వాడు. నవ్వడా మరి! క్వార్టర్సులో తాంబూలం మరకా, సిరా మరకా, ఏది వచ్చినా ఆయన చేతిలో నిలిచింది లేదు. తియ్యలేకపోతే నీ ఇష్టమొచ్చినట్టు ఆడుకో, అన్నాడు. ఓణీ తెచ్చి ఆయన చేతికి నేనే ఇచ్చాను. దుప్పటికి కరక్కాయ పట్టలేదు కాబట్టి చార పోయింది, దీనికి పట్టింది, రంగు వదలదు, చూసుకో, అని కూడా అన్నాను. నాకు ఎంత భయమేస్తే అంత పొగరు మాటలొస్తాయి, ఇప్పటికీ అంతే.

మొదలుపెట్టాడు. కుంకుళ్లు అయ్యాయి, చౌడు అయింది, సోడా అయింది. బండ మీద ఆయన కొట్టిన ప్రతి దెబ్బా నా వీపు మీద పడ్డట్టే ఉంది. నిమ్మరసం పడగానే నల్లంచు కరగడం చూసి ఆయన నా వైపు కనుబొమలెగరేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఏడిస్తే ఓడినట్టని పళ్లు బిగించుకుని అక్కడే నిలబడ్డాను. అమ్మ అన్నానికి పిలిస్తే ఇద్దరమూ కదల్లేదు. ఎండలో పరిచాడు, తడిపాడు, మళ్లీ పరిచాడు. నలుపు బూడిదరంగుకి దిగింది. ఎరుపు కాస్త వెలిసింది. ఆకు మాత్రం ఆకులాగే ఉంది, ఈనె కూడా చెదరలేదు.

పొద్దు వాలుతుండగా పాకలోకెళ్లి బ్లీచింగ్ పౌడరు డబ్బా తెచ్చాడు. అది వేస్తే ఏదైనా పోతుందని నాకు తెలుసు. నా మొండితనం ఎక్కడి నుంచి లేచిందో, ఎదురెళ్లి నిలబడ్డాను.

"వెయ్యి అయ్యా" అన్నాను.

మూత తీశాడు. ఓణీని ఒక చేత్తో ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాడు. నూలు అప్పటికే పల్చబడి, అవతల గెడ్డ కనిపిస్తోంది. చాలాసేపు చూశాడు. నేను కళ్లు దించలేదు.

"ఇదేస్తే మరక పోతాది, గుడ్డా పోతాది. గుడ్డని సంపి మరక తీసినోడు సాకలి కాడు" అని మూత పెట్టేశాడు. ఓణీ నా భుజం మీద వేసి, చేతులు కడుక్కోవడానికి గెడ్డలోకి దిగాడు. నేను గెలిచాను, కానీ ఆయన వీపు చూస్తుంటే అరిచి గెంతాలనిపించలేదు. గెలవకుండా ఉండాల్సిందని మాత్రం ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

ఆకుల నల్లంచుకి మళ్లీ మేకుల నీళ్లు పట్టించుకుని, వారం తిరక్కుండా ఆ ఓణీ వేసుకుని, అయ్యతో పాటు క్వార్టర్సుకి మూటలు మోశాను. కావాలనే వెళ్లాను. గుమస్తాగారి గుమ్మంలో బట్టలు లెక్కబెట్టుకుంటూ, సంతలో నవ్విన ఆవిడే నా వైపు చూసి ఆగింది. కొంగు కొస పట్టుకుని ఆకుల మీద వేళ్లు రాసింది. ఎంత బాగుంది, ఇలాంటిది నేను ఎక్కడా చూడలేదే, ఇది ఏ ఇంటిది, అని అయ్యని అడిగింది.

జవాబు నా నాలుక చివరే ఉంది. నేను నోరు తెరిచేలోపే అయ్య మూట కింద పెట్టి, ఆవిడ మొహంలోకి చూస్తూ చెప్పాడు.

"మా గుంటదండి. నానే ఉతికి సూసినాను. పోదు."