నీళ్ళు రాని ఇల్లు

2018 ఏప్రిల్. కరీంనగర్‌లో మా ఆఫీసంటే ఒక గది, రెండు బల్లలు, మూలన ఇనుప పెట్టెలో సర్వే సామాను. నేను సివిల్ ఇంజనీర్ని. ప్లాన్లు గీయడం ఒక పనైతే, ఇల్లు కొనబోయేవాళ్ళ తరఫున వెళ్ళి ఆ ఇంటిని పరీక్షించి రిపోర్టు రాసివ్వడం ఇంకో పని. పునాది, గోడలు, కప్పు, తేమ, హద్దులు అన్నీ చూసి, కొనొచ్చో లేదో చెప్పాలి. అలాంటి రిపోర్టులు చాలా రాశాను. వాటిలో ఒకదాని గురించి చెబుతాను. అందులో రాసిన ప్రతి అంకె సరైనదే.

ఓదెలు మందమర్రి దగ్గర బొగ్గుబావిలో ముప్పై రెండేళ్ళు పనిచేసి అప్పుడే రిటైరైన మనిషి. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి ఉంది. గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఇల్లు చూసుకుని, ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"మీ సొంతూరా?" అని అడిగాను.

"కాదు సారు. ఆడ నాకు ఎవలు లేరు."

"మరి ఆ ఊరే ఎందుకు?"

తన చేతులు చూసుకుంటూ చెప్పాడు. "నా భార్య అనేది సారు. క్వార్టర్ గోడకు మొల కొట్టాల్నన్నా ఒకల్ని అడుగుడే అయితాంది, మనకంటు ఒక ఇల్లుండాలె, వాకిట్ల నిలబడితె నీళ్ళు కనబడాలె అని. నిరుడు పోయింది. పిల్లలు లేరు. కొనాలన్నది ఆమె. కొంటున్నది నేను."

తర్వాత, "మీరు కొనుమంటె కొంట, ఒద్దంటె ఒద్దు" అన్నాడు.

రెండు రోజుల తర్వాత అక్కడికి వెళ్ళాం. ఒకప్పుడు పెద్ద ఊరే. వరదలకు విసిగి కొందరు, పనుల కోసం కొందరు మెయిన్ రోడ్డు వైపు తరలిపోగా, మనుషులున్న ఇళ్ళు అయిదే మిగిలాయి. మిగతావాటికి తాళాలు. కొన్నింటికి తాళం వేసే తలుపులు కూడా లేవు. మధ్యాహ్నం పూట నది చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఊళ్ళోకి వెళ్ళే దారిలో ఒక వాగు, దాని మీద ఎత్తు తక్కువ వంతెన ఉన్నాయి. వాగు ఎండిపోయి ఉంది. మా కారు దాని మీదుగా అర నిమిషంలో దాటింది.

అమ్మేది సుజాత అనే ఆమె. నలభై ఏళ్ళుంటాయి. భర్త దుబాయ్‌లో పని చేస్తాడు. బిడ్డ చదువు కోసం తాను లక్సెట్టిపేటకు మారిపోతోంది. "వానకాలమొస్తె పిల్లకు బడి పోతది సారు, అందుకే అమ్ముతున్నం" అంది. నేను తల ఊపి టేపు తీశాను.

నదీతీరపు ఇంట్లో ముందు చూడాల్సింది ప్లింత్ లెవెల్. అంటే ఇంటి నేల ఎంత ఎత్తులో ఉందన్నది. దాన్ని కొలవడానికి ఆటో లెవెల్ అనే పరికరం ఉంటుంది. మూడు కాళ్ళ స్టాండు మీద దుర్భిణిలా కూర్చుంటుంది. ఎదురుగా ఒకరు అంకెలు వేసిన పొడుగాటి కొలకర్ర పట్టుకోవాలి. దాన్ని స్టాఫ్ అంటాం. మా మనిషి ఆ రోజు రాలేదు. ఓదెలే పట్టుకున్నాడు. ఎంత అనుభవమున్నవాళ్ళ చేతిలోనైనా కర్ర కాస్త ఊగుతుంది. ఆయన చేతిలో ఊగలేదు.

"బాయిల సర్వేయర్ల పక్కన శానేండ్లు పట్టిన సారు," అన్నాడు. "గా చీకట్ల ఊగితె వాళ్ళకు అంకె కనబడది."

పాత బడి గోడ మీద ఊరివాళ్ళు చూపించిన వరద మచ్చ ఉంది. వాళ్ళకు గుర్తున్నంతలో నీళ్ళు అంతకన్నా పైకి రాలేదట. ఈ ఇంటి నేల దానికన్నా రెండున్నర అడుగుల ఎత్తున ఉంది. రాతి గోడలు గట్టివి. పెంకుల కప్పుకు చిన్న మరమ్మతు చాలు. "వరద నీరు ఇంట్లోకి వచ్చే అవకాశం లేదు" అని రిపోర్టులో రాశాను. ఆ వాక్యాన్ని ఓదెలు నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. ఇల్లు కొన్నాడు. మరమ్మతులయ్యి, ఆ ఏటి వానలు వెళ్ళాకే అందులో చేరాడు.

మరుసటి ఏడు ఆగస్టులో అయిదు రోజులు ఆగకుండా వాన పడింది. ఆరో రోజు ఉదయం సుజాత ఫోన్ చేసింది.

"సారు, ఓదెలు కాక నిన్నటి సంది ఫోన్ ఎత్తుతలేడు. ఊర్లోళ్ళంత నీళ్ళు రాకముందే చుట్టాలిండ్లకు పొయ్యిండ్రు. ప్రతి ఏడు గట్లనే పోతరు. వాగు నిండితె వారం రోజులు దారుండది. కాకను గూడ రమ్మన్నరట, రాలేదట."

వాగు నిండితే దారి ఉండదు. ఆ పాపకు బడి పోవడమంటే అదన్నమాట. నాకు ఆమె ముందే చెప్పింది. నది నిండుగా పారుతుంటే వాగు నీళ్ళు అందులో కలవలేక వెనక్కి తన్నుతాయి. ఇది మొదటి సంవత్సరం ఇంజనీరింగు చదివినవాడికి కూడా తెలుస్తుంది. నేను నది ఎత్తు చూశాను. వంతెన ఎత్తు చూడలేదు.

పదకొండు గంటలకు నేను వాగు దగ్గరికి చేరేసరికి వంతెన ఆనవాలు లేదు. ఎర్రటి నీళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డుకు కదులుతున్నాయి. చేపలు పట్టే శంకరయ్య నాటు పడవతో సిద్ధంగా ఉన్నాడు. సుజాతే పంపింది. ఆమె కూడా గొడుగు లేకుండా తడుస్తూ నిలబడి ఉంది.

"మీరొద్దు సారు, నేను పోయొస్త" అన్నాడు శంకరయ్య. వినకుండా పడవెక్కాను.

నీళ్ళలో సగం మునిగిన ఊరు దాటి ఆ ఇంటి ముందుకు వచ్చాం. నా కళ్ళు ముందు వెతికింది మనిషిని కాదు, ప్లింతును. నీళ్ళు దానికి చాలా కిందే ఆగిపోయాయి. నా లెక్క తప్పలేదన్న సంతోషం ఒక్క క్షణం కలిగింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఓదెలు వెనక వసారాలో పడి ఉన్నాడు. మెట్ల మీద జారి తొడ ఎముక విరిగింది. ఫోను లోపలి గదిలో ఉండిపోయింది. రెండు రోజులు. పెంకుల చూరు నుంచి కారే నీటి కింద చేతికందిన గిన్నె పెట్టుకుని, అదే తాగుతూ బతికాడు. పెదాలు తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు.

"నీళ్ళు రాలే సారు," అన్నాడు. "మీరు చెప్పినట్టే."

శంకరయ్య కర్రలతో కాలు కదలకుండా కట్టాడు. తలుపు రెక్క ఊడదీసి, దాని మీద ఆయన్ని పడవలోకి చేర్చాం. ఇవతలి ఒడ్డున 108 బండి ఉంది.

కరీంనగర్‌లో ఆపరేషన్ అయింది. దవాఖానా కాగితంలో బంధువు పేరు రాయాల్సిన చోట నర్సు ఆగి నా వైపు చూసింది. నా పేరు చెప్పాను. నాలుగో రోజు ఆయన కాస్త తేరుకున్నాక నన్ను తొలుస్తున్న ప్రశ్న అడిగాను.

"అందరితో పాటు ఎందుకు పోలేదు ఓదెలన్నా?"

"పిలిచిండ్రు సారు. మా ఇంట్లకు నీళ్ళు రావు, ఇంజినీర్ సారు రాసిచ్చిండు అని కాయితం చూపెట్టిన." నన్ను నొప్పించకూడదనుకున్నాడేమో, వెంటనే అన్నాడు. "పోతె మాత్రం ఎవలింటికి పోవాలె?"

"పడ్డప్పుడు ఎవరినీ పిలవలేదా?"

"పిలుద్దామనే చూసిన. ఊర్లె ఎవలు లేరని తెలుసు గని, ఉన్నరేమో అని ఒక ఆశ. నోరు తెరిస్తె పేరు రాలే సారు. ఏడాది కావస్తాంది, పక్కింటాయన పేరు గూడ నాకు తెల్వది. క్వార్టర్ల వాడకట్టుల నా భార్యనే అందరితోటి మాట్లాడేది. నేను డ్యూటీ పోవుడు, వచ్చుడు." కిటికీ వైపు తిరిగాడు. "ఆఖరికి ఆమెనే పిలిచిన."

ఆ ఇల్లు అమ్మేయమని నేనూ సుజాతా చాలా చెప్పి చూశాం. వినలేదు. కర్ర పట్టుకుని నడవగలిగాక, దసరా దాటాక, నేనే కారులో దింపడానికి వెళ్ళాను. ఈసారి టేపు తీసుకెళ్ళలేదు. తాళం లేని నాలుగిళ్ళకూ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. మొదటి ఇంట్లో కాంతయ్య అనే రైతు మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఆయన భార్య చాయ్ తెచ్చింది.

"మాకేం తెలుసు సారు," అందామె. "ఎప్పుడు చూసినా తలుపు దగ్గరకేసి ఉండేది. పెద్దమనిషికి మాట్లాడుడు ఇష్టం లేదేమో అనుకున్నం."

"ఇష్టం లేక గాదు బిడ్డా," అన్నాడు ఓదెలు. "ఎట్ల మొదలువెట్టాల్నో తెల్వక."

కాంతయ్య తన ఫోను నంబరు చెప్పాడు. ఓదెలు దాన్ని తన చిన్న ఫోనులో వేలితో ఒక్కొక్క అంకె నొక్కుతూ ఎక్కించుకుని, పేరు సరిగ్గా పడిందో లేదో చూడమని నాకిచ్చాడు. అంతకుముందు ఆ ఫోనులో ఉన్నవి మూడే పేర్లు. ఒకటి సుజాతది, ఒకటి నాది. మూడోది పని చేయని నంబరు. దాన్ని తీసేయనా అని నేను అడగలేదు.

ఆ తర్వాత నా రిపోర్టు ఫారంలో రెండు గడులు పెంచాను. వానాకాలంలో దారి ఎన్ని రోజులు మూసుకుపోతుందన్నది ఒకటి. ఇరుగుపొరుగువారి పేర్లు రెండోది. ఇంజనీరు రిపోర్టులో ఇదేమిటని కొందరు నవ్వుతారు. నేను మాత్రం ఇంటి గోడలు చూడకముందే పక్కిళ్ళ తలుపులు తడతాను. ఎవరూ పలకకపోతే, ఆ గడిలో "ఎవరూ లేరు" అని రాసి, కొనేవాళ్ళకు ఆ మాట రెండుసార్లు చదివి వినిపిస్తాను.